బూరె గిన్నె: ఉగాది నుంచి వినాయక చవితి దాకా మా వంటింటి ప్రాజెక్టు డైరీ

2025 మార్చి 30, ఆదివారం, ఉగాది. రాత్రి 11:40

నిద్ర పట్టడం లేదు. మా కుక్క బూరె ఆసుపత్రిలో ఉంది. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటే, రేపు డాక్టరు గారు మళ్లీ అడిగితే తడబడకుండా చెప్పగలను.

పొద్దున తొమ్మిదిన్నరకి పూజ అయింది. అత్తయ్య ఉగాది పచ్చడి కలిపారు: కొత్త చింతపండు గుజ్జు, కొత్త బెల్లం, వేపపువ్వు, మామిడి ముక్కలు. మా ఇంటి అలవాటు ప్రకారం అరటిపండు, నల్ల కిస్మిస్ కూడా పడ్డాయి. అరకిలో బియ్యంతో పులిహోర. పదకొండింటికి భోజనాలకి కూర్చున్నాం. "పండగ పూట అది మన మొహాలు చూస్తుంటే ముద్ద ఎలా దిగుతుందమ్మా" అని అత్తయ్య బూరె పళ్లెంలో రెండు గరిటెల పులిహోర, దాని మీద ఒక గరిటె పచ్చడి వేశారు. నేను చూశాను. వద్దనలేదు. ఉల్లిపాయ లేదు, చాక్లెట్ లేదు, ఇంక భయమేముంది అనుకున్నాను. ద్రాక్ష కుక్కలకి పడదని ఎప్పుడో చదివాను. పచ్చడిలో ఉన్న కిస్మిస్ కూడా ద్రాక్షేనన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు.

రెండున్నరకి మొదటి వాంతి. నమలకుండా మింగిన కిస్మిస్‌లు ఉబ్బి గుండ్రంగా కనిపించాయి. నాలుగింటిలోపు మరో మూడుసార్లు. దగ్గర్లోని క్లినిక్‌కి ఫోన్ చేస్తే, ఏం తిన్నదో అడగకుండానే "పండగ తిండి అరగలేదు, పెరుగన్నం పెట్టండి, సర్దుకుంటుంది" అన్నారు. ఎదురు ఫ్లాట్ ఆవిడ ఉప్పునీళ్లు తాగించమన్నారు. గ్లాసులో కలిపాను కూడా. అంతలో బూరె సోఫా కిందకి దూరి, పిలిచినా తోక ఊపలేదు. మూడేళ్లలో పిలిస్తే తోక ఊపకపోవడం ఇదే మొదటిసారి. గ్లాసు అక్కడే వదిలేసి, మా ఆయన బూరెని దుప్పట్లో చుట్టి ఎత్తుకుంటే, ఇంకొంచెం దూరంగా ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లాం.

అక్కడ డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని గంటలకి?" చెప్పాను. కిస్మిస్ అనగానే రాసుకున్నారు. చింతపండు అనగానే పెన్ను ఆపి, "ఎంత చింతపండు?" అని మళ్లీ అడిగారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

బరువు 12.4 కిలోలు. క్రియాటినిన్ (మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) 1.3. ఈ రాత్రికి సెలైన్, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్. మూత్రపిండాలకు దెబ్బ తగిలితే అది రక్తపరీక్షలో బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుందట. కాబట్టి ఈ 1.3 చూసి సంబరపడొద్దన్నారు.

ఉప్పునీళ్ల సంగతి చెబితే తల అడ్డంగా ఊపారు. వాంతి చేయించడానికి తాగించే ఉప్పే ఒంట్లో సోడియం పెంచేసి మెదడు మీదకి తెస్తుందట. గ్లాసు వదిలేసి రావడం మంచిదైంది.

మార్చి 31, సోమవారం

క్రియాటినిన్ 2.1.

అత్తయ్య అన్నం ముట్టలేదు. "నా చేత్తో పెట్టాను" అని ఒకటే మాట. ఆవిడని ఓదార్చడానికైనా అసలు సంగతి తెలుసుకోవాలని డాక్టరు గారిని కూర్చోబెట్టి అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు, నేను రాసుకున్నాను.

ద్రాక్ష, కిస్మిస్ తిన్న కుక్కల్లో కొన్నింటికి మూత్రపిండాలు పాడవుతున్నాయని పాతికేళ్లుగా తెలుసు. ఏ పదార్థం వల్ల అన్నది మాత్రం చాలాకాలం అంతుపట్టలేదు. అమెరికాలో జంతువులు విషపదార్థాలు తిన్నప్పుడు సలహా చెప్పే ఏఎస్‌పీసీఏ కేంద్రం ఒకటుంది. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో కలిపిన పిండి ముద్దను తిన్న ఒక కుక్క కేసు అక్కడికి వచ్చింది. అందులో ద్రాక్ష లేదు, కానీ మూత్రపిండాలు అచ్చం ద్రాక్ష తిన్న కుక్కకి పాడైనట్టే పాడయ్యాయి. పిండిలో ఉన్నది క్రీమ్ ఆఫ్ టార్టార్, అంటే టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలో పులుపు కూడా ప్రధానంగా ఆ ఆమ్లానిదే. 2021లో ఆ డాక్టర్లు ఈ రెండిటినీ కలిపి చూపించారు. మరుసటి ఏడు చింతపండు తిని జబ్బుపడ్డ కుక్కల కేసులు కూడా ప్రచురించారు. కుక్క మూత్రపిండాలు ఈ ఆమ్లాన్ని మన ఒంటిలాగా బయటికి నెట్టలేకపోవడమే కారణమని అంచనా.

టార్టారిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే పండ్లు ప్రపంచంలో చాలా తక్కువ. మామూలు ద్రాక్షలో అది ఒక శాతం అటూ ఇటూ. చింతపండు గుజ్జులో 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది.

ఈ అంకె దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. చాక్లెట్ అరుదుగా వస్తుంది మా ఇంటికి. చింతపండు రోజూ నానుతుంది. చారు, పులుసు, సాంబారు, పులిహోర, పచ్చళ్లు అన్నిట్లో అదే.

ఏప్రిల్ 3, గురువారం

నిన్న 1.6, ఈరోజు 1.4. ఇంటికి పంపించేశారు. కుడి ముందుకాలు మీద సెలైన్ సూది కోసం బొచ్చు తీసిన చోట చర్మం గులాబీ రంగులో కనిపిస్తోంది. గుమ్మంలోకి రాగానే నేరుగా అత్తయ్య మంచం దగ్గరికి వెళ్లి ఆవిడ పాదాల మీద తల పెట్టుకుని పడుకుంది. ఆవిడ ఏడ్చేశారు.

ఎంత తింటే ప్రమాదమన్న లెక్క ద్రాక్షకి గానీ చింతపండుకి గానీ లేదన్నారు డాక్టరు గారు. ఒక కుక్క గుత్తి తిని నిక్షేపంగా ఉంటుంది, ఇంకోటి గుప్పెడుకే పడిపోతుంది. కాబట్టి ఈ రెండూ ఎంత తక్కువైనా వద్దే వద్దు.

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

ప్రాజెక్టు మొదలు. వంటింటి గోడకి ఒక పట్టిక: ఏది పెట్టొచ్చు, ఏది కూడదు, ఏది కాస్త చూసి పెట్టాలి. వరసగా ఆకుపచ్చ, ఎరుపు, పసుపు. తెలుగులో, పెద్ద అక్షరాలతో, అత్తయ్య కళ్లద్దాలు లేకుండా చదవగలిగేలా.

పానకం, వడపప్పు నైవేద్యం అయ్యాక అత్తయ్య చెయ్యి అలవాటుగా కిందకి వెళ్లి, మధ్యలో ఆగిపోయింది. "ఇదీ కూడదా అమ్మాయ్?" అన్నారు. ఆ గొంతులో భయం విన్నాక ఈ పని ఎంత తొందరగా పూర్తయితే అంత మంచిదనిపించింది. ప్రేమగా పెట్టే చెయ్యి భయంతో ఆగకూడదు, తెలిసి ఆగాలి.

ఏప్రిల్ 12

మొదటి పట్టిక పనికిరాలేదు.

నలభై పదార్థాలు రాశాను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, మెకడేమియా గింజలు, జైలిటాల్, అవకాడో, క్యారెట్, గుమ్మడికాయ, ఇలా. అత్తయ్య పైనుంచి కిందకి వేలు పెట్టి చదివి, "ఇందులో ముక్కల పులుసు ఏదమ్మా? పెసరట్టు ఏది?" అన్నారు. మెకడేమియా గింజల్ని మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ కళ్లతో కూడా చూడలేదు.

ఆవిడ అడిగిందే సరైన ప్రశ్న. మనం కుక్కకి ఉల్లిపాయ పెట్టం, ఉల్లిపాయ వేసిన కూర కలిపిన అన్నం పెడతాం. చింతపండు పెట్టం, చారన్నం పెడతాం. పదార్థాల పట్టిక చదివి, వంటకాన్ని మనసులో విడగొట్టి, అందులో ఏముందో గుర్తు తెచ్చుకుని, అప్పుడు చెయ్యి ఆపాలంటే ఎవరి వల్ల అవుతుంది? నావల్లే కాలేదు కదా ఉగాది నాడు.

రెండో పట్టిక వంటకాల పేర్లతో రాయాలి.

ఏప్రిల్ 13

ఈరోజంతా అత్తయ్యతో కూర్చుని వారం రోజుల వంట రాశాను. ఆవిడ చెబుతుంటే ఒక్కో వంటకం పక్కన అందులో పడేవి. ముప్పై నాలుగు వంటకాలు వచ్చాయి. వాటిలో ఉల్లి గానీ వెల్లుల్లి గానీ చింతపండు గానీ పడనివి తొమ్మిదే!

మధ్యలో అత్తయ్య ఒక మాటన్నారు. "మా ఊళ్లో కుక్కలన్నీ చారన్నం, పెరుగన్నం తిని పెరిగినవే కదమ్మా." దానికి జవాబు నిజాయితీగా వెతికాను. పెరుగన్నం విషయంలో ఆవిడ మాటలో నిజం ఉంది. తోడేళ్లలో పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైము తాలూకు జన్యువు రెండు ప్రతులే ఉంటుంది, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉంటాయని 2013లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. మనిషి పక్కన, మనిషి అన్నం తింటూ వేల ఏళ్లు బతికిన జంతువు కదా, అన్నం అరిగించుకోవడం నేర్చుకుంది. ఉల్లినీ చింతపండునీ తట్టుకోవడం మాత్రం దాని ఒంటికి రాలేదు.

ఇది చెప్పాక అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాళ్ల పుట్టింట్లో ఉన్న నల్లకుక్క ఒకటి ఉన్నట్టుండి తిండి మానేసి, నాలుగు రోజులు నీళ్లు మాత్రం తాగి పోయిందని చెప్పారు. "ముసలిదైపోయింది అనుకున్నాం. దానికి ఆరేళ్లే" అన్నారు.

ఏప్రిల్ 20, ఆదివారం

తూకం రోజు. ఇది వివరంగా రాస్తాను, ఎందుకంటే నా అంచనాలన్నీ ఇక్కడే తారుమారయ్యాయి.

ఉల్లి గురించి డాక్టరు గారు ఇచ్చిన లెక్క: కుక్క బరువులో అర శాతం కంటే ఎక్కువ ఉల్లిపాయ ఒక్కసారి తింటే విషలక్షణాలు కనిపిస్తాయి. ఉల్లిలో ఉన్న గంధకపు సమ్మేళనాలు ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, కణాలు పగిలి రక్తహీనత వస్తుంది. వెంటనే కాదు, చాలాసార్లు మూడు నాలుగు రోజుల తర్వాత. అప్పటికి ఉల్లి తిన్న సంగతి మనమే మర్చిపోతాం. చిగుళ్లు పాలిపోవడం, నీరసం, మూత్రం ముదురు రంగులో రావడం చూసి కంగారుపడతాం గానీ ఆదివారం కూరతో ముడిపెట్టం. వెల్లుల్లి ఇంతకు కొన్ని రెట్లు ఘాటు. ఉడికించినా వేయించినా విరుగుడు కాదు.

బూరెకి అర శాతం అంటే 62 గ్రాములు.

వంటింటి త్రాసు తీశాను. కర్నూలు ఉల్లిపాయలు మూడు, పొట్టు తీసి తూస్తే 330 గ్రాములు. ఒక్కోటి 110. అంటే పచ్చి ఉల్లిపాయ సగానికి కాస్త పైన. సరే, అంత ఎక్కడ తింటుందిలే అనిపించింది.

అదే ఉల్లిని సన్నగా తరిగి, రెండు చెంచాల నూనెలో ఎర్రగా వేయించాను. పావుగంట. నీరంతా పోయింది, మూకుడు నిండుగా ఉన్నది అడుగుకి దిగింది. మళ్లీ తూశాను: 140 గ్రాములు. నీరు పోయింది గానీ విషం ఎక్కడికీ పోలేదు. కాబట్టి 62 గ్రాముల పచ్చి ఉల్లికి సమానమైన వేపుడు ఉల్లి 26 గ్రాములు. దాన్ని చెంచాతో కొలిచి చిన్న పళ్లెంలో పెట్టాను. నిండుగా రెండు పెద్ద చెంచాలు. ముదురు గోధుమ రంగులో, నూనె మెరుస్తూ, కమ్మటి వాసనతో పిడికెడు కూడా లేదు.

అత్తయ్యని పిలిచి చూపించాను. "ఇంతేనా?" అన్నారు. మా ఆయన వచ్చి చూసి, "బిర్యానీ మీద చల్లేది ఇంతకంటే ఎక్కువే ఉంటుంది" అన్నాడు. బిర్యానీ ఉల్లి ఇంకా కరకరలాడేలా వేయిస్తారు కాబట్టి లెక్క ఇంకా తక్కువకి దిగుతుంది.

ఆ పళ్లెం ఫొటో తీశాను. పట్టికలో అంకెల కంటే ఈ ఫొటోనే పెట్టాలి.

పొడి రూపంలో ఉల్లి, వెల్లుల్లి ఇంకా చిక్కన. ఇన్‌స్టెంట్ నూడుల్స్ మసాలా ప్యాకెట్టు, మసాలా చిప్స్, సూప్ పొడి వెనకాల చిన్న అక్షరాల్లో చూస్తే దాదాపు అన్నిట్లో ఉన్నాయి. ఎరుపులో రాశాను.

ఏప్రిల్ 27

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే గొప్ప ఆలోచన నాది కాదు, అత్తయ్యది.

రెండో పట్టిక గోడకి అంటించి వారం అయింది. తొమ్మిది వంటకాలే ఆకుపచ్చ, మిగతా అంతా ఎరుపు. చూడటానికే బెంగగా ఉంది. పొద్దున కుక్కర్ మూత తీసి, పప్పు మెదిపే ముందు ఆవిడ ఒక చిన్న స్టీలు గిన్నె పొయ్యి పక్కన పెట్టారు. ఉప్పు, చింతపండు, పోపు ఏదీ పడకముందే రెండు చెంచాల కందిపప్పు అందులోకి తీశారు. తర్వాత వేపుడు కోసం పెట్టిన క్యారెట్, బీన్స్‌లో నాలుగు ముక్కలు విడిగా ఉడికించి వేశారు. అన్నం కొంచెం. "పిల్లలకి కారం వేయకముందే తీసి పెట్టేదాన్ని కదా. దీనికీ అంతే" అన్నారు.

అంతే! వంటకంలో ఏముందో తర్వాత విడగొట్టి చూడాల్సిన పనే లేదు. ముందే తీసేస్తే సరి. ఆ గిన్నెకి బూరె గిన్నె అని పేరు పెట్టాం. ఇంట్లో అందరికీ ఒకటే నియమం: కుక్కకి ఏం పెట్టినా ఆ గిన్నెలోంచే. కంచంలోంచి కాదు, మూకుడులోంచి కాదు, గరిటె చివర నుంచి కాదు. గిన్నె ఖాళీగా ఉంటే ఆ పూటకి లేదు.

మూడో పట్టిక ఈ నియమంతో మొదలవుతుంది. దాని కింద మిగతావి.

మే 4

పట్టికలో ఆకుపచ్చ గడి నిండుతోంది. ఉప్పు, కారం, నూనె లేకుండా ఉడికించినవి: అన్నం, పప్పు, క్యారెట్, బీన్స్, గుమ్మడికాయ, ఆనపకాయ, చిలగడదుంప, తోలూ ఎముకా లేని కోడిమాంసం, గుడ్డు. పచ్చివి అయితే దోసకాయ, గింజలు తీసిన పుచ్చకాయ, అరటిపండు ముక్క. ఇడ్లీ ఒకటి, చట్నీ లేకుండా. ఉప్పు వేయని పెరుగు రెండు చెంచాలు.

పాలు పసుపు గడిలో. పెద్దయ్యాక చాలా కుక్కలకి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. పెరుగులో అది కొంత తగ్గుతుంది కాబట్టి కాస్త తట్టుకుంటాయి.

నెయ్యి, మీగడ, వేపుడు నూనె మాత్రం ఎరుపు. ఒక్కసారిగా ఎక్కువ కొవ్వు తింటే క్లోమం వాచిపోతుంది. గారెలు, బొబ్బట్లు, పండగ మిగుళ్లు పెట్టిన మర్నాడు వాంతులతో కుక్కలు రావడం తమ ఆసుపత్రిలో మామూలేనన్నారు డాక్టరు గారు.

మే 11

బంగినపల్లి రోజులు. గుజ్జు ముక్క పెట్టొచ్చు, టెంక కూడదు. టెంకలో విషం సంగతి తర్వాత, ముందు అది పేగుకి అడ్డం పడితే ఆపరేషనే. మేము టెంకలన్నీ మూతున్న డబ్బాలో వేస్తున్నాం. సపోటా, సీతాఫలం గింజలకీ అదే డబ్బా.

మే 18

ఎంత పెట్టాలి అన్న ప్రశ్న అత్తయ్యది. పసిపిల్లలా చూసుకుంటున్నారు కాబట్టి గిన్నె రోజురోజుకీ నిండుతోంది.

కాలిక్యులేటర్ ఉంటే చాలు. కుక్క బరువుని మూడుసార్లు గుణించాలి: 12.4 × 12.4 × 12.4. వచ్చిన దానికి వర్గమూలం రెండుసార్లు నొక్కాలి. 6.6 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 463 కేలరీలు. ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి కావలసింది అది. గర్భసంచి ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకి 1.6తో గుణించాలి. బూరెకి రోజుకి 740 వరకు. అందులో పదో వంతుకి మించి ఇలాంటి చిరుతిళ్లు ఉండకూడదు. అంటే 74 కేలరీలు. ఒక ఉడికించిన గుడ్డు.

ఒక్క గుడ్డు! గుడ్డు పెట్టిన రోజు ఇడ్లీ లేదు. ఇడ్లీ పెట్టిన రోజు అరటిపండు లేదు. ఇంటి తిండితోనే పూర్తిగా పెంచాలంటే కాల్షియం దగ్గర నుంచి అన్నీ లెక్క వేసి వండాలి, ఊరికే అన్నం, కోడిమాంసం పెడితే ఎముకలు దెబ్బతింటాయి. అందుకే అసలు తిండి ప్యాకెట్లో వచ్చే కుక్కతిండి గుళికలే, గిన్నె పైన చిరుతిండి మాత్రమే అని తేల్చుకున్నాం. అత్తయ్యకి కష్టంగానే ఉంది, కానీ ఒప్పుకున్నారు.

మే 25

పక్కింటి ఏడేళ్ల బాబు చేతిలో చాక్లెట్ పట్టుకుని వచ్చి, పెట్టే ముందు అడిగాడు: "ఆంటీ, బూరెకి పెట్టొచ్చా?" వాడిని దగ్గర కూర్చోబెట్టి త్రాసు తీశాను. బూరె బరువుకి తొలి లక్షణాలు మొదలవడానికి సుమారుగా మిల్క్ చాక్లెట్ 120 గ్రాములు, డార్క్ చాక్లెట్ 50, కోకో పొడి 12. మూడు గిన్నెల్లో పోసి పక్కపక్కన పెట్టాను. కోకో పొడి గిన్నె చూసి వాడి కళ్లు పెద్దవయ్యాయి. కేకులు చేసే ఇళ్లలో అసలు ప్రమాదం ఆ డబ్బానే. అందులోని థియోబ్రోమిన్ అనే పదార్థం మనకి గంటల్లో దిగిపోతుంది, కుక్క ఒంట్లో సగం తగ్గడానికే పదిహేడు గంటలు పైన పడుతుంది. కాఫీ, టీ పొడులు కూడా అదే గడి.

జూన్ 8

ఈరోజు పట్టికలో ఒక పెద్ద లోపం దొరికింది, అది మా ఇంట్లోనే ఉంది.

మామయ్య గారికి షుగర్. ఆయన సొరుగులో షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, నోటిలో చప్పరించే బిళ్లలు ఉంటాయి. సొరుగు బూరె మూతి ఎత్తులోనే ఉంది. గమ్ ప్యాకెట్ వెనకాల "స్వీటెనర్ (967)" అని ఉంది. ఆ 967 అంటే జైలిటాల్. మనుషులకి ఇలా చేయదు. కుక్కకి మాత్రం ఒక్కసారిగా ఇన్సులిన్ ఊరేలా చేస్తుంది, గంటలోపే రక్తంలో చక్కెర పడిపోయి తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. మోతాదు ఎక్కువైతే కాలేయం పోతుంది. కిలో బరువుకి 0.1 గ్రాము చాలు. బూరెకి 1.24 గ్రాములు. కొన్ని గమ్‌లలో ఒక్కోదానిలోనే గ్రాము దాకా ఉంటుంది, అంటే రెండు బిళ్లలు.

పీనట్ బటర్ సీసాలు, టూత్‌పేస్టు, పిల్లల సిరప్‌లు అన్నీ తిప్పి చూశాను. ఒక టూత్‌పేస్టులో దొరికింది. "967" అన్న అంకెని ఎర్ర ఇంకుతో పట్టికలో అన్నిటికంటే పెద్దగా రాశాను. మామయ్య గారు ఒక్క మాట మాట్లాడకుండా సొరుగు ఖాళీ చేసి అన్నీ అల్మరా పై అరలోకి మార్చారు. జ్వరం మాత్రలు కూడా అక్కడికే వెళ్లాయి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మన చేత్తో కుక్కకి వేయకూడదు, కింద పడినా వెతికి తీయాలి.

జూన్ 22, ఆదివారం

గేటు దగ్గర నాలుగు వీధికుక్కలుంటాయి. వాచ్‌మన్ గారి భార్య సాయంత్రం అందరి ఇళ్ల మిగుళ్లూ ఒక బకెట్లో కలిపి వాటికి పోస్తుంది. ఆదివారం అంటే బకెట్ నిండా బిర్యానీ: వేయించిన ఉల్లి, మసాలా, ఉడికిన ఎముకలు. పచ్చి ఎముక కంటే ఉడికిన కోడి ఎముక సూదిలా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

ఆమెతో మాట్లాడటానికి కొంచెం జంకాను. నలుగురూ తరిమే కుక్కలకి పిలిచి పెడుతున్నది ఆమె ఒక్కతే, ఆమెకే తప్పు చెప్పినట్టు ఉంటుందేమోనని. కానీ నేను ఉగాది సంగతి చెప్పేసరికి, "మరి ముందే చెప్పొచ్చు కదమ్మా, తెలియక పెడుతున్నా" అంది. ఆమె అడిగింది ఒకటే: "ఏం పెట్టమంటావో అది చెప్పు. వద్దన్నవన్నీ తీసేస్తే బకెట్లో ఏం మిగలదు."

అపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజ్ పెట్టాను. మిగిలిన తెల్లన్నం, పెరుగు, ఉప్పు వేయని ఉడికిన కూరగాయలు విడిగా ఒక డబ్బాలో ఇవ్వమని. ఇరవై నాలుగు ఫ్లాట్లలో ఏడింటి నుంచి వస్తోంది. మూడు రోజులకోసారి ముప్పై గుడ్ల అట్ట ఖర్చు మేము నలుగురం పంచుకుంటున్నాం. బూజు పట్టిన బ్రెడ్, పాచిపోయిన అన్నం వద్దని గట్టిగా రాశాను. బూజులో పుట్టే విషాలతో కుక్కకి వణుకు, ఫిట్స్ వస్తాయి.

ఎముకల బకెట్ ఇంకా పూర్తిగా ఆగలేదు. పై అంతస్తు నుంచి ఒకరు నేరుగా గేటు బయట పడేస్తున్నారు. వచ్చే ఆదివారం వెళ్లి మాట్లాడాలి.

జూన్ 29

మాట్లాడాను. ఫొటో చూపించాను, రెండు చెంచాల ఉల్లి ఫొటో. ఆయన చాలాసేపు చూసి, "నాకు పంపండి" అన్నారు.

జులై 6

మూడు నెలల పరీక్ష. క్రియాటినిన్ 1.1. మూత్రం చిక్కదనం కూడా బాగుంది. డాక్టరు గారు గోడ పట్టిక ఫొటో చూసి ఒక మార్పు చెప్పారు: పైన ఫోన్ నంబరు రాయమన్నారు, దాని కింద నాలుగు గడులు. ఏం తిన్నది, ఎంత, ఎన్నింటికి, బరువెంత. భయంలో ఉన్నవాళ్లకి మాట తడబడుతుంది, ఈ నాలుగూ చదివి వినిపిస్తే ఫోన్లోనే సగం పని అవుతుందట. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు, ఇంటి చిట్కాలు వద్దు, ముందు ఫోన్.

ఇది నాలుగో పట్టిక. లామినేషన్ చేయించి కుక్కర్ పైన అంటించాను, ఒకటి గేటు దగ్గర. బూరె బరువు ఇప్పుడు 12.1. దాన్ని కూడా మార్కర్‌తో రాసి ఉంచాం, ప్రతి నెలా చెరిపి మళ్లీ రాస్తాం.

ఆగస్టు 27, బుధవారం, వినాయక చవితి

ఉగాది తర్వాత మా ఇంట్లో పులిహోర చేసింది ఈరోజే. అత్తయ్య చింతపండు గుజ్జు తీసిన గిన్నె, పిప్పి, చెంచా అన్నీ వెంటనే కడిగేశారు. పులిహోర గిన్నె ఫ్రిజ్ మీదకెక్కింది.

ఉండ్రాళ్లకి ఎసరు పెట్టేటప్పుడు ఆవిడ పొయ్యి మీద రెండో గిన్నె కూడా పెట్టారు. అరకప్పు నీళ్లు, ఉప్పు లేదు, జీలకర్ర లేదు, నూనె లేదు. పిడికెడు బియ్యపు రవ్వ, నానిన శనగపప్పు నాలుగు బద్దలు. ఆవిరి మీద ఉడికించి రెండు చిన్న ఉండ్రాళ్లు చేసి ఆరబెట్టారు. పూజ అయ్యేదాకా బూరె గుమ్మం దగ్గర పడుకునే ఉంది.

నైవేద్యం తీశాక స్టీలు గిన్నె చప్పుడైంది. ఆవిడ వేళ్లతో ఒక ఉండ్రం చిదిపి, వేడి చూసుకుని, గిన్నెలో వేసి కిందపెట్టారు. రెండోది సాయంత్రానికి మూతపెట్టి ఉంచారు.